ఇగ్వేయ్ అల్తగ్రాసియా మాత యాత్ర: నెల్లూరు, ప్రకాశం జిల్లాల భక్తులు సిద్ధపడవలసిన తీరు

గుణదల కొండకూ వేళాంకణ్ణికీ ఏటా వెళ్లివచ్చే కుటుంబాలు మన నెల్లూరు మేత్రాసనంలో, అంటే బిషప్పుగారి పరిధిలో, ఏ విచారణకు (పారిష్‌కు) వెళ్లినా కనిపిస్తాయి. పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్నందువల్ల కావలి, కందుకూరు, ఒంగోలు, గూడూరు ప్రాంతాల పెద్దలు అనేకులు అక్కడికి వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నారు. అలా వెళ్లినవారు నయాగరా జలపాతం చూస్తారు, వాషింగ్టన్ చూస్తారు. అక్కడినుంచి నాలుగు గంటల విమాన ప్రయాణంలో ఉన్న ఒక గొప్ప మరియమాత పుణ్యక్షేత్రం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. కరీబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్ దేశంలో, తూర్పు కొసన ఉన్న ఇగ్వేయ్ పట్టణం అది. అక్కడి అల్తగ్రాసియా మాతను దర్శించాలనుకునేవారు ఏమేమి సిద్ధం చేసుకోవాలో, ఏ క్రమంలో చేసుకోవాలో ఇక్కడ వివరంగా చెప్పదలిచాను.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. అక్కడి బసిలికా, అంటే మాత ప్రధాన దేవాలయం, చాలా పెద్దది. ఆ బసిలికాను ఎవరి కోసం కట్టారో ఆ మాత చిత్రపటం మాత్రం చాలా చిన్నది. దాని వెడల్పు 33 సెంటీమీటర్లు, ఎత్తు 45 సెంటీమీటర్లు. వేలమైళ్లు ప్రయాణం చేసి, వరుసలో నిలబడి, ఆ పటం ముందుకు చేరిన తరువాత మనకు దక్కేది కొద్ది క్షణాలే. వీసా, టికెట్లు, బస, బస్సు అన్నీ ఆ కొద్ది క్షణాలను నిమ్మళంగా గడపడానికి చేసుకునే ఏర్పాట్లేనని అనుకుంటే, ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చుకోవడం సులభమవుతుంది.

పట్టణం గురించి తెలుసుకోవలసినవి

ఈ పట్టణం పూర్తి పేరు సల్వలెయోన్ దె ఇగ్వేయ్. లా అల్తగ్రాసియా రాష్ట్రానికి ఇది ముఖ్యపట్టణం. బస్సు బోర్డు మీద మొదటి అక్షరంగా హెచ్ కనబడుతుంది గాని అక్కడివారు దానిని పలకరు. దారి అడిగేటప్పుడు ఇగ్వేయ్ అంటేనే వారికి తెలుస్తుంది.

స్పానిష్‌వారు రాకమునుపు ఈ ప్రాంతమంతా తైనో జాతి ప్రజలది. 1502లో ద్వీపానికి గవర్నరుగా వచ్చిన నికొలాస్ దె ఒవాందో కాలంలో, హువాన్ దె ఎస్కివెల్ నాయకత్వాన వచ్చిన సైన్యం ఇగ్వేయ్ ప్రజల మీద ఘోరమైన యుద్ధం చేసింది. వారి నాయకుడు కొతుబనమాను సవోనా దీవిలో పట్టుకొని, సాంతో దొమింగో నగరానికి తీసుకువెళ్లి ఉరితీశారు. ఆ తరువాత ఈ ప్రాంతం మీద అధికారిగా నియమితుడైన హువాన్ పోన్సె దె లెయోన్ ఇక్కడినుంచే 1508లో ప్యూర్టోరికోకు వెళ్లాడు. 1513లో ఫ్లారిడా తీరం చేరినవాడూ అతడే. క్రైస్తవ విశ్వాసం ఈ నేలమీదికి వచ్చిన దారిలో ఇంత రక్తం ఉన్నదని తెలుసుకొనే వెళ్లాలని నా అభిప్రాయం. 1511 డిసెంబరులో సాంతో దొమింగోలో అంతోనియో దె మోంతెసీనోస్ అనే దొమినికన్ సభ గురువు, ఈ తైనోలు మనుషులు కారా, వీరిని ఏ హక్కుతో హింసిస్తున్నారని పీఠం మీదనుంచి వలసదారులను నిలదీశాడు. ఇగ్వేయ్‌లో జపమాల చెప్పుకునేటప్పుడు ఆ ప్రజలకోసం కూడా ఒక పదిపూసలు చెప్పుకోవడం మనకు తగిన పని.

పటాన్ని ముందే చదువుకోవాలి

నేను అన్నిటికంటె ఎక్కువగా చెప్పదలిచినది ఇదే. వెళ్లడానికి నెలరోజుల ముందే అల్తగ్రాసియా మాత చిత్రం ఒకటి పెద్దదిగా ముద్రించుకొని, ఇంట్లో ప్రార్థన చేసుకునే చోట పెట్టుకోవాలి. అది ఏనాడో తెలిసిన ముఖంగా మారిన తరువాత వెళితే, అక్కడ క్షణాలు తక్కువైనా చూపు వెదుక్కోదు.

పటంలో ఉన్నది క్రీస్తు జనన ఘట్టం. మరియమాత చేతులు జోడించి, కళ్లు దించి, గడ్డిమీద పడుకొని ఉన్న బాలయేసువైపు చూస్తూ ఉంటుంది. ఆమె భుజాల మీదినుంచి జారే నీలిరంగు పైవస్త్రం మీద నక్షత్రాలు చెక్కినట్లు ఉంటాయి. ముందువైపు తెల్లని వస్త్రం కనిపిస్తుంది. తల చుట్టూ పన్నెండు నక్షత్రాలు ఉంటాయి. పైనుంచి ఒక పెద్ద నక్షత్రం బిడ్డమీదికి కిరణాలు ప్రసరిస్తుంది. ఇంతవరకు అందరూ చూస్తారు. ఆమె వెనుక, కొంచెం చీకటిలో, ఎర్రని వస్త్రం కప్పుకొని చేతిలో కొవ్వొత్తి పట్టుకొని నిలబడిన పునీత జోజప్పగారిని చాలామంది గమనించరు. ఆ కొవ్వొత్తిని వెదికి చూడండి. ఆయన దానిని తనకోసం పట్టుకోలేదు. తల్లీబిడ్డలకు వెలుగు పడాలని తాను వెనుకకు జరిగి నిలబడ్డాడు. నీలం, తెలుపు, ఎరుపు ఈ మూడు రంగులే తరువాత ఆ దేశపు జెండా రంగులు కావడం డొమినికన్ ప్రజలకు ఎంతో ప్రియమైన విషయం.

15వ శతాబ్దం చివర లేదా 16వ శతాబ్దం ఆరంభంలో స్పెయిన్ దేశపు శైలిలో గీసిన ఈ పటాన్ని అలోన్సో, అంతోనియో దె త్రెహో అనే అన్నదమ్ములు ఆ దేశం నుంచి తెచ్చారని చరిత్ర చెబుతుంది. ప్రజలు చెప్పుకునే కథ వేరు. ఒక వర్తకుని కుమార్తె తండ్రిని నగలూ చీనాంబరాలూ కాక అల్తగ్రాసియా మాత పటం తెమ్మని అడిగిందనీ, ఆయన ఎక్కడెక్కడో వెదికి దొరకక దిగులుతో ఒక సత్రంలో బస చేస్తే, ఒక ముసలాయన తన సంచిలోనుంచి తీసి ఇచ్చాడనీ, ఇంటికి తెచ్చిన పటం మాయమై ఒక నారింజ చెట్టు దగ్గర కనిపించిందనీ, అక్కడే గుడి కట్టారనీ ఆ కథ. ఊరంతటా నారింజ చెట్టు ప్రస్తావన ఎందుకు వస్తుందో ఈ కథ తెలిస్తే అర్థమవుతుంది. పటం చుట్టూ ఉన్న బంగారు చట్రం 18వ శతాబ్దపు పనితనం. దానిలో రత్నాలు పొదిగారు. 1922 ఆగస్టు 15న సాంతో దొమింగోలో ఈ పటానికి పోపుగారి అనుమతితో కిరీటధారణ జరిగింది. 1979 జనవరిలో ఆ దేశానికి వచ్చిన పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు మాతకు కిరీటాన్ని కానుకగా సమర్పించారు.

ఏ కాలంలో వెళ్లాలి

మాత పండుగ జనవరి 21. 1691లో అదే రోజున సబానా రెయాల్ అనే చోట జరిగిన యుద్ధంలో స్పానిష్ సేనలు ఫ్రెంచివారిని గెలిచాయి. యుద్ధానికి ముందు మాతకు మొక్కుకున్న సైనికులు ఆ గెలుపును ఆమెకు సమర్పించడంతో ఆ తేదీ స్థిరపడింది. దేశమంతటా అది సెలవు దినం. ముందురోజు రాత్రినుంచే భక్తులు బసిలికా ఆవరణలో జాగరణ చేస్తారు, దూరప్రాంతాల నుంచి కాలినడకన వస్తారు. ఆ జనంలో ఒకసారి ఉండాలన్న కోరిక సహజమే గాని, మోకాళ్ల నొప్పులున్నవారు, రాత్రంతా నిలబడలేనివారు ఆ రెండు రోజులు మానుకోవాలి. నవదిన ప్రార్థనలు నడిచే జనవరి రెండవ వారంలో గాని, పండుగ అయిన వారం తరువాత గాని వెళితే గుడి పండుగ శోభతోనూ ఉంటుంది, నిలబడడానికి చోటూ ఉంటుంది. వాతావరణం కూడా అప్పుడే హాయిగా ఉంటుంది. మన సంక్రాంతి రోజుల కంటె కొంచెం వెచ్చగా ఉంటుందనుకోవచ్చు.

రెండవ సందర్భం ఆగస్టు. మన పశువుల గురించి తెలిసినవారు ఈ నెలలో ఇగ్వేయ్ వెళితే ఎంతో సంతోషిస్తారు. తూర్పు ప్రాంతపు రైతులు మాతకు మొక్కుకున్న కోడెదూడలనూ ఎద్దులనూ ఇస్తారు. వాటిని సేకరించే భక్తసమాజంవారు గుర్రాల మీద ఊరూరా తిరిగి, పాటలు పాడుతూ, మందను తోలుకొని ఆగస్టు 14 నాటికి ఇగ్వేయ్ చేరుకుంటారు. వీటిని మాత ఎద్దులు అంటారు. ఒంగోలు గిత్తల పేరు వినని రైతు మన జిల్లాల్లో లేడు. ఇక్కడినుంచి వెళ్లిన పశువుల సంతతి బ్రెజిల్ దేశంలో నెల్లూరు పేరుతోనే కోట్ల సంఖ్యలో పెరుగుతున్నది. పశువును ఇంటి మనిషిగా చూసేవారు, తమకున్న మంచి దూడను ఎన్నుకొని అమ్మవారికి ఇవ్వడంలోని భక్తిని మనం వేరొకరు వివరించకుండానే గ్రహించగలం. అయితే ఆగస్టులో ఉక్కపోత ఎక్కువ, వానలూ ఉంటాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అక్కడ తుపానుల కాలం. మన తీరానికి అక్టోబరు, నవంబరు ఎలాంటివో ఆ దీవులకు ఆగస్టు, సెప్టెంబరు అలాంటివి. ఆ నెలల్లో టికెట్లు కొంటే, తేదీ మార్చుకునే వీలున్నవే కొనాలి.

కాగితాలు

పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తరువాత కూడా ఆరు నెలలకు తగ్గకుండా ఉండేటట్లు చూసుకోవాలి. భారతీయులకు డొమినికన్ రిపబ్లిక్ వీసా అవసరం. అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసా ఉన్నవారిని ఆ దేశం వేరే వీసా అడగకుండా పర్యాటకులుగా అనుమతిస్తున్నది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఈ యాత్ర సులభమని చెప్పడానికి కారణం ఇదే. ఇవేవీ లేనివారు ఢిల్లీలోని డొమినికన్ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. నియమాలు మారుతూ ఉంటాయి కనుక ఎవరైనా సరే టికెట్టు కొనకముందు ఆ కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాసి, వచ్చిన జవాబును ముద్రించుకొని దగ్గర పెట్టుకోవడం మంచిది. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఉద్యోగికి ఈ వెసులుబాటు తెలియకపోతే ఆ కాగితమే ఆదుకుంటుంది.

అమెరికా నుంచి వెళ్లేవారికి మరి రెండు జాగ్రత్తలు అవసరం. తిరిగి అమెరికాలోకి రావాలి కనుక వీసా అనేకసార్లు ప్రవేశానికి వీలైనదై ఉండాలి. మొదటిసారి దిగినప్పుడు ఇచ్చిన ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు ఇంకా మిగిలి ఉండాలి. భారతదేశానికి తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి. మళ్లీ లోపలికి రానివ్వడం అక్కడి అధికారి నిర్ణయమే గనుక, అడిగితే యాత్రకు వెళ్లివస్తున్నామని నిజం చెప్పి, బసిలికా దగ్గర తీసుకున్న బస రసీదు చూపితే చాలు. రెండవది పిల్లల విషయం. హెచ్-1బి మీద ఉన్న కొడుకో కూతురో తోడుగా వస్తానంటే, వారి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరలేదని ముందే చూడాలి. ఉద్యోగ అనుమతి పొడిగింపు కాగితం ఉన్నా, ముద్ర గడువు తీరినవారు దేశం దాటితే ఇగ్వేయ్ నుంచి తిరిగి రాలేక చిక్కుపడతారు. తల్లిదండ్రుల మొక్కు కోసం పిల్లల ఉద్యోగం ఇబ్బందిలో పడకూడదు.

డొమినికన్ రిపబ్లిక్‌లోకి వచ్చేటప్పుడూ, విడిచి వెళ్లేటప్పుడూ ఇ-టికెట్ అనే ఫారం ఇంటర్నెట్‌లో నింపాలి. అది ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదని గుర్తించి మూసివేయాలి. ఫారం నింపగానే వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోనులోనూ కాగితం మీదా ఉంచుకోవాలి.

విచారణ గురువులు ఎవరైనా యాత్రలో వస్తూ అక్కడి గురువులతో కలిసి పూజ అర్పించదలిస్తే (సహార్పణ), మేత్రాసన కార్యాలయం నుంచి తాము గురువులమని తెలిపే లేఖ తీసుకురావాలి. విశ్వాసులకు ఏ లేఖా అవసరం లేదు.

చేరుకునే మార్గం

మన జిల్లాలనుంచి నేరుగా బయలుదేరేవారికి చెన్నై విమానాశ్రయమే దగ్గర. నెల్లూరు నుంచి రైలులో మూడు గంటలలోపే చెన్నై చేరవచ్చు. ఒంగోలువారికి హైదరాబాదు కూడా వీలే. అక్కడినుంచి యూరప్ చేరి, మాద్రిద్ లేదా పారిస్ నుంచి సాంతో దొమింగోకు గాని పుంతా కానాకు గాని వెళ్లే విమానం ఎక్కాలి. మాద్రిద్ నుంచి సాంతో దొమింగోకే తొమ్మిది గంటల ప్రయాణం. మధ్యలో విమానం మారే దేశం మనవారిని విమానాశ్రయపు ట్రాన్సిట్ వీసా అడుగుతుందో లేదో టికెట్టు కొనేముందే విచారించాలి. అమెరికా మీదుగా వెళ్లేవారికైతే కేవలం విమానం మారడానికైనా అమెరికా వీసా తప్పనిసరి. ఇంత దూరం ఒకే బిగిన వెళ్లడం వయసు మళ్లినవారికి కష్టం కాబట్టి, యూరప్‌లో ఒక రాత్రి ఆగగలిగితే ఆగడమే మేలు. అక్కడి గడియారం మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది.

రెండు విమానాశ్రయాల్లో ఇగ్వేయ్‌కి దగ్గరైనది పుంతా కానా. కారులో గంటలోపు ప్రయాణం. సాంతో దొమింగో విమానాశ్రయం నగరానికి తూర్పువైపే ఉంది కాబట్టి నగరంలోకి వెళ్లకుండానే తూర్పు రహదారి పట్టుకొని రెండు గంటల్లో ఇగ్వేయ్ చేరవచ్చు. బస్సులు రెండువైపులనుంచీ ఉన్నాయి. వాటిని అక్కడ గ్వాగ్వా అంటారు. చౌకగానే ఉంటాయి గాని సామానుతో ఉన్న పెద్దవారికి విమానాశ్రయం నుంచి ముందుగా మాట్లాడుకున్న కారే సుఖం. మోటారుసైకిళ్ల మీద మనుషులను ఎక్కించుకునేవారు వీధివీధినా పిలుస్తారు. వారి బండి ఎక్కవద్దు.

పుంతా కానా సముద్రతీరపు హోటళ్లనుంచి పర్యాటకుల బస్సులు బసిలికాకు వస్తాయి. అవి కొద్దిసేపు ఆగి, ఫొటోలు తీసుకోగానే మళ్లీ ఎక్కించుకుంటాయి. మొక్కుతో వచ్చినవారు వాటి మీద ఆధారపడకూడదు. కనీసం ఒక రాత్రి ఇగ్వేయ్ పట్టణంలోనే, బసిలికాకు నడిచి వెళ్లగల దూరంలో బస చేయాలి. సాయంత్రం ఒక పూజ, మరుసటి ఉదయం ఒక పూజ చూడగలిగితే, మొదటిసారి కట్టడం చూసిన ఆశ్చర్యం తీరి, రెండవసారి మనసు ప్రార్థన మీద నిలుస్తుంది.

గుడిలో

ముందుగా పాత గుడికి వెళ్లండి. ఊరి నడుమ ఉన్న పునీత దియొనీసియో దేవాలయం 16వ శతాబ్దంలో కట్టినది. బసిలికా వచ్చేవరకు, అంటే సుమారు 400 సంవత్సరాలు, మాత పటం అక్కడే ఉంది. మందపాటి గోడలతో, చిన్నదిగా, నిశ్శబ్దంగా ఉండే ఆ గుడిలో కాసేపు కూర్చొని జపమాల మొదలుపెట్టి, చెప్పుకుంటూ బసిలికా వరకు నడిచి వెళితే, మాత ప్రయాణించిన దారిలోనే మనమూ నడిచినట్లవుతుంది. ఆ దూరం పెద్దవారు కూడా మెల్లగా నడవగలిగినదే.

బసిలికా నిర్మాణాన్ని 1954లో ప్రారంభించి 1971 జనవరి 21న ప్రతిష్ఠించారు. ఫ్రాన్సుకు చెందిన పియెర్ ద్యుప్రె, ద్యునోయె దె సెగొంజాక్ అనే వాస్తుశిల్పులు దానిని రూపొందించారు. కాంక్రీటు కమానులు ఒకదాని వెనుక ఒకటిగా ఆకాశంలోకి లేస్తాయి. ముందు కమాను అన్నిటికంటె ఎత్తు, జోడించిన చేతుల్లా ఉంటుందని అందరూ అంటారు. పాత గోపురాలకు అలవాటుపడిన కళ్లకు బయటినుంచి ఈ కట్టడం కొంత కఠినంగా తోచవచ్చు. లోపలికి అడుగుపెట్టి, రంగు అద్దాలగుండా వెలుగు నేలమీద పడుతూ ఉండగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. 1992 అక్టోబరు 12న రెండవ జాన్ పాల్ పోపుగారు ఇక్కడ దివ్యబలిపూజ సమర్పించారు.

మన గుళ్లలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే అలవాటు చాలాచోట్ల ఉంది. అక్కడ ఎవరూ విడవరు. చెప్పులు బయట పెడితే భద్రపరిచే ఏర్పాటు ఉండదు, కనుక వేసుకొనే లోపలికి వెళ్లాలి. అది అమర్యాద కాదు. స్త్రీలు తలమీద కొంగు కప్పుకోవలసిన నియమం లేదు గాని కప్పుకుంటే ఎవరూ వింతగా చూడరు. చీర, పంజాబీ డ్రెస్సు, మగవారికి ప్యాంటు, చొక్కా సరిపోతాయి. మోకాళ్లపైకి ఉండే నిక్కర్లు, చేతులులేని బట్టలు వేసుకున్నవారిని ద్వారం దగ్గరే ఆపుతారు కాబట్టి అమెరికాలో పుట్టిన మనవలు, మనవరాళ్లు తోడుంటే వారికి ముందే చెప్పి బట్టలు సర్దాలి.

పటం ప్రధాన పీఠం వెనుక, గాజు చాటున ఉంటుంది. భక్తులు వరుసలో నడిచి దాని దగ్గరికి చేరతారు. కొందరు గాజును తాకి సిలువ గుర్తు వేసుకుంటారు, కొందరు బిడ్డలను ఎత్తి చూపిస్తారు. పూజ జరుగుతున్నప్పుడు ఈ వరుసలోకి వెళ్లకూడదు. పూజ పూర్తయిన వెంటనే అందరూ లేస్తారు, అప్పుడు వరుస పెద్దదవుతుంది. పావుగంట కూర్చుంటే తగ్గుతుంది. తొందరపడకుండా కూర్చున్నవారికే ఎక్కువసేపు దక్కుతుంది. మీ వంతు వచ్చినప్పుడు ఫోను జేబులోనే ఉంచండి. ఊరినుంచి ఇతరులు అప్పగించిన మనవులుంటే, వాటిని ముందే ఒక కాగితం మీద పేర్లుగా వ్రాసి, మడిచి, చేతిలో పట్టుకోండి. పటం ముందు నిలబడి ఒక్కొక్క పేరు గుర్తుచేసుకోబోతే సమయం చాలదు. ఆ కాగితమే అందరి తరఫున ఉంటుంది. తరువాత బల్లమీద కూర్చొని ఒక్కొక్క పేరు చెప్పుకొని మంగళవార్త జపం చెప్పవచ్చు.

కొవ్వొత్తులు గుడి లోపల కాక, బయట అందుకు కేటాయించిన చోట వెలిగించాలి. మొక్కుబడిని అక్కడివారు ప్రొమేసా అంటారు. మన వేళాంకణ్ణిలో వెండి రేకుమీద చేయి, కాలు, కన్ను చేయించి సమర్పించినట్లే అక్కడా స్వస్థత పొందిన అవయవాల రూపాలను చిన్న లోహపు బిళ్లలుగా సమర్పించే ఆచారం ఉంది. నెల్లూరులో చేయించిన వెండి బిళ్లను తీసుకువెళ్లదలిస్తే చేతిసంచిలోనే పెట్టుకోండి, కొన్న రసీదు దగ్గర ఉంచుకోండి. బసిలికా ఆవరణలోనే ఉన్న అల్తగ్రాసియా మ్యూజియంలో శతాబ్దాలుగా వచ్చిన ఇలాంటి కానుకలను చూడవచ్చు. 18వ శతాబ్దంలో దియేగో హొసె ఇలారిస్ అనే చిత్రకారుడు మాత చేసిన అద్భుతాలను వరుసగా గీసిన చిత్రాలూ అక్కడే ఉన్నాయి. భాష రాకపోయినా ఆ బొమ్మల కథ తెలుస్తుంది. దర్శనం తరువాత ఒక గంట దానికి కేటాయించడం వృథా కాదు.

పూజలన్నీ స్పానిష్‌లోనే జరుగుతాయి. క్రమం మనదే కాబట్టి ఎక్కడ ఏమి జరుగుతున్నదో తెలుస్తూనే ఉంటుంది. ఆ రోజు పఠనాలను తెలుగు బైబిలులో గుర్తుపెట్టుకొని వెళితే చాలు. మంగళవార్త జపం అక్కడ "దియోస్ తె సాల్వె, మరీయా" అని మొదలవుతుంది. వారు సగం చెప్పి ఆగినప్పుడు మనం రెండవ సగం తెలుగులో మెల్లగా చెప్పుకోవచ్చు. పాపసంకీర్తనం మాత్రం బయలుదేరేముందే మన విచారణలో, మన భాషలో ముగించుకొని వెళ్లాలి. మనసులో ఉన్నది చెప్పడానికి భాష వెదుక్కోవలసి వస్తే ఆ సంస్కారంలోని ఊరట సగం తగ్గుతుంది.

తిండి, డబ్బు, మందులు

మధ్యాహ్నం ఎక్కడికి వెళ్లినా అన్నం దొరుకుతుంది. దానితో ఉడికించిన చిక్కుడు గింజల కూర, కోడిమాంసం పెడతారు. కారం ఉండదు. అరటికాయను వేయించి, ఉడికించి అనేక రకాలుగా వండుతారు, అవి శాకాహారులకు పనికివస్తాయి. కుళాయి నీళ్లు తాగవద్దు, సీసా నీళ్లే తాగాలి. రూపాయలు అక్కడ మారవు. అమెరికా డాలర్లు తీసుకువెళ్లి పేసోలుగా మార్చుకోవాలి. కొవ్వొత్తులకూ కానుక పెట్టెకూ చిల్లర పేసోలు వేరుగా ఉంచుకోండి. కరెంటు 110 వోల్టులు, ప్లగ్గులు అమెరికా రకం. దోమలవల్ల డెంగీ భయం ఉంది కాబట్టి నిండు చేతుల చొక్కా, దోమల మందు అవసరం. బి.పి., షుగరు మాత్రలు ప్రయాణం రోజులకంటె వారం ఎక్కువకు, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉంచాలి. ఆసుపత్రి ఖర్చు భరించే ప్రయాణ బీమా లేకుండా పెద్దవారు బయలుదేరకూడదు.

తిరుగు ప్రయాణంలో

పటాలు, జపమాలలు, పతకాలు బసిలికా చుట్టుపక్కల అంగళ్లలో దొరుకుతాయి. అవి చివరిపూట కాకుండా చివరి పూజకు ముందే కొనుక్కుంటే, పూజ అయిన తరువాత గురువుల చేత ఆశీర్వదింపజేసుకోవచ్చు. పుణ్యక్షేత్రం మట్టిని మూటగట్టుకొని తీసుకురావాలని మనవారికి కోరిక ఉంటుంది; నారింజ ఆకు, పండు తీసుకురావాలనీ ఉంటుంది. అమెరికా మీదుగా తిరిగి వచ్చేవారు ఆ పని చేయవద్దు. మట్టినీ, పండ్లనూ, మొక్కల భాగాలనూ అక్కడి కస్టమ్స్ అధికారులు అనుమతించరు, చెప్పకుండా తెస్తే జరిమానా వేస్తారు. దేశం విడిచేటప్పటి ఇ-టికెట్ ఫారం నింపడం ఇగ్వేయ్‌లో బస చేసిన చోటనే, ఇంటర్నెట్ ఉన్నప్పుడే పూర్తిచేసుకొని, విమానం బయలుదేరే సమయానికి మూడున్నర గంటల ముందుగా బసిలికా నుంచి విమానాశ్రయానికి చేరేటట్లు కారు మాట్లాడుకోవాలి.